రికార్డు తేదీ నాడే కొన్నాను, అందుకే రాలేదు: డివిడెండుతో నా అనుభవం

2024 ఫిబ్రవరి 8, గురువారం. మార్కెట్ తొమ్మిదింపావుకి తెరుస్తారు. తొమ్మిదిన్నర లోపే నేను నలభై ఐటీసీ షేర్లు కొనేసి, చాలా తెలివైన పని చేశాననుకుంటూ ఆఫీసుకి బయల్దేరాను.

దానికి పది రోజుల ముందు, జనవరి 29న, మూడో త్రైమాసికం ఫలితాలతో పాటు కంపెనీ షేరుకి 6.25 రూపాయల మధ్యంతర డివిడెండు, అంటే ఏడాది పూర్తి కాకముందే వాటాదారులకి పంచే లాభం, ప్రకటించింది. రికార్డు తేదీ ఫిబ్రవరి 8 అన్నారు. రికార్డు తేదీ నాటికి షేర్లున్న వాళ్లకి డివిడెండు అని పేపర్లో చదివాను. నాటికి అంటే ఆ రోజు కొన్నా సరిపోతుందని నా లెక్క. పైగా ఆ ఉదయం ధర ముందు రోజు కన్నా కాస్త తక్కువకే దొరుకుతోంది. చవగ్గా కొని డివిడెండూ తీసుకుంటున్నానని సంబరపడ్డాను. ఎందుకు తగ్గిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మధ్యాహ్నం తర్వాత ఇంకా పడింది. అది వేరే సంగతి. కంపెనీలో అతి పెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకో తన వాటాలో కొంత అమ్మే ఆలోచనలో ఉందని ఆ రోజే బయటికొచ్చింది. డివిడెండు వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి నెలాఖరులో డబ్బులు వేస్తారన్నారు. నెలాఖరొచ్చింది, మార్చి వచ్చింది, నా ఖాతాలో పైసా పడలేదు. మొత్తం కలిపి 250 రూపాయలు. దాని కోసం బ్రోకరు కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు పాట విన్నాను. ఎత్తిన అమ్మాయి నా ఖాతా చూసి, "సార్, మీరు ఎక్స్ డేట్ రోజు కొన్నారు. అంతకు ముందు రోజు కొని ఉండాల్సింది" అంది.

"రికార్డ్ డేట్ ఎనిమిది కదండీ. నేను ఎనిమిదినే కొన్నాను."

"ఎనిమిదిన ఆర్డర్ పెట్టారు సార్. షేర్లు మీ డీమ్యాట్‌లోకి వచ్చింది తొమ్మిదిన." డీమ్యాట్ అంటే మన షేర్లు ఉండే ఖాతా.

నాకు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది కానీ, తప్పు ఆమెది కాదు. ఎవరిదీ కాదు, నాదే. ఆ కోపంలోనే నలభై షేర్లూ అమ్మేశాను. అది రెండో తెలివైన పని.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది. మనం బటన్ నొక్కగానే షేరు మనదైపోయినట్టు యాప్‌లో కనపడుతుంది కానీ, అప్పటికి జరిగింది బేరం మాత్రమే. సరుకు చేతికి రావడం ఆ తర్వాతి పని రోజు. దీన్నే టీ ప్లస్ వన్ అంటారు, టీ అంటే ట్రేడ్ జరిగిన రోజు. రికార్డు తేదీ సాయంత్రం, అందరి షేర్ల లెక్కా ఉంచే డిపాజిటరీ అనే సంస్థ దగ్గర ఏ డీమ్యాట్ ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో ఒక జాబితా తీస్తారు. డివిడెండు ఆ జాబితాలో ఉన్న పేర్లకే. ఎనిమిదో తేదీ సాయంత్రం నేను కొన్న షేర్లు ఇంకా నాకు అమ్మినాయన పేరు మీదే ఉన్నాయి. కాబట్టి నలభై షేర్ల డివిడెండు ఆయనకే వెళ్లింది. ఆయన అమ్మేశాడు, డబ్బులు తీసుకున్నాడు, డివిడెండూ తీసుకున్నాడు. ఇందులో మోసమేమీ లేదు. ఆ రోజునుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండు రాదు, ఆ రోజునే ఎక్స్ డేట్ అంటారు. ఉదయం ధర తగ్గి ఉన్నది అందుకే.

అమ్మకి ఇది చెబితే నా కన్నా త్వరగా అర్థమైంది. "గేదెని దూడతో కొంటే ఒక ధర, దూడ లేకుండా కొంటే ఒక ధర. నువ్వు దూడ లేని గేదెని కొని దూడేదీ అని అడుగుతున్నావు" అంది. ఎక్స్ డేట్ అన్న మాటకి ఇంతకన్నా మంచి తెలుగు నాకెక్కడా దొరకలేదు.

మా బాబాయ్ మాత్రం ఒప్పుకోలేదు. "ఒకరోజు ముందు కాదురా, రెండు రోజులు ముందు కొనాలి" అన్నాడు. ఆయన చెప్పిందీ ఒకప్పుడు నిజమే. టీ ప్లస్ టూ ఉన్నప్పుడు ఎక్స్ తేదీ రికార్డు తేదీకి ఒక పని రోజు ముందు పడేది. 2022 ఫిబ్రవరి 25న చిట్టచివరి చిన్న కంపెనీలతో మొదలుపెట్టి నెలనెలా కొన్ని కలుపుకుంటూ, 2023 జనవరి 27కి ఐటీసీ లాంటి పెద్దవాటిని కూడా టీ ప్లస్ వన్‌లోకి తెచ్చారు. అప్పటినుంచి మామూలుగా ఎక్స్ తేదీ, రికార్డు తేదీ రెండూ ఒకటే రోజు. పాత వ్యాసాలు, పాత వీడియోలు ఇంకా రెండు రోజుల లెక్కే చెబుతుంటాయి. బాబాయ్ లెక్కతో కొంటే డివిడెండు పోదు, ఒకరోజు ముందుగా కొన్నట్టవుతుంది అంతే. నా లెక్కతో కొంటేనే పోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, లెక్కపెట్టాల్సింది మార్కెట్ పనిచేసే రోజుల్ని. సోమవారం రికార్డు తేదీ అయితే శుక్రవారం కొనాలి. ఆదివారం రాత్రి ఆర్డర్ పెట్టి లాభం లేదు.

డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి చెబితే నవ్వాడు. వాళ్లకి 2024 మే 28 దాకా టీ ప్లస్ టూనే. ఈ ఒక్క విషయంలో మనం అమెరికా కన్నా ముందున్నామని వాడితో ఒప్పించాను.

ఇంత తెలుసుకున్నాక ఊరుకోవచ్చు కదా. మే 23న కంపెనీ షేరుకి 7.50 తుది డివిడెండు సిఫారసు చేసింది. రికార్డు తేదీ జూన్ 4. వెబ్‌సైట్లలో '750 శాతం డివిడెండు' అని పెద్దక్షరాలు. బాబాయ్ ఫోన్ చేసి "ఏడున్నర రెట్లు ఇస్తున్నారంట, నిజమేనా?" అని అడిగాడు. ఆ శాతం ముఖ విలువ మీద, అంటే షేరు మీద రాసి ఉండే విలువ మీద బాబాయ్, ఐటీసీ ముఖ విలువ ఒక రూపాయి, రూపాయికి 750 శాతం అంటే ఏడున్నర రూపాయలు అని చెబితే, "అంతేనా!" అని పెట్టేశాడు. మార్కెట్లో షేరు ధర నాలుగు వందల పైన ఉంటే ముఖ విలువ మీద శాతం చెప్పడం ఎవరిని ఊరించడానికో నాకర్థం కాదు.

ఈసారి తప్పు జరగకూడదు. జూన్ 4 మంగళవారం, కాబట్టి కొనడానికి ఆఖరి రోజు జూన్ 3, సోమవారం. ఆ సోమవారం ఎలాంటిదో గుర్తుందా? శనివారం సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం సెన్సెక్స్ ఒక్కరోజులోనే 2,507 పాయింట్లు ఎగిరింది. అలాంటి రోజు ఏదీ కొనకూడదని బుద్ధి చెబుతూనే ఉంది. కానీ ముహూర్తం దాటిపోతుందన్నట్టు మూడింటికి వంద షేర్లు కొన్నాను. యాప్‌లో వంద పక్కన చిన్నగా 'టీ1' అని చూపించింది. అంటే కొన్నావు కానీ ఇంకా చేతికి రాలేదని. ఫిబ్రవరిలో కూడా ఇదే గుర్తు ఉండి ఉంటుంది, నేను చూడలేదు.

మర్నాడు కౌంటింగ్. ఇంటినుంచే పని పెట్టుకున్నాను. టీవీలో ఆంధ్ర ఫలితాలు, ల్యాప్‌టాప్‌లో ఆఫీసు, ఫోన్‌లో మార్కెట్. చీరాల నుంచి అమ్మ గంటకోసారి ఫోన్ చేసి ఎవరు ఎక్కడ ఆధిక్యంలో ఉన్నారో చెబుతోంది, నాకు టీవీ లేనట్టు. సెన్సెక్స్ పడటం మొదలుపెట్టి, ముగిసేసరికి సుమారు 4,390 పాయింట్లు పోయింది. దాదాపు ఆరు శాతం. నా వంద షేర్లు మధ్యాహ్నం ఎర్రగా కనపడ్డాయి. అందులో ఏడున్నర రూపాయలు డివిడెండు వల్ల తగ్గిందని తెలుసు. మిగతాది ఎన్నికల వల్లా? అదే రోజు హిందుస్థాన్ యూనిలీవర్ లాంటివి పెరిగాయి కూడా. ఎక్స్ తేదీ నాడు ధర సరిగ్గా డివిడెండు మేరకే తగ్గాలన్న సూత్రం కాగితం మీదే. పైన ఏ గాలి వీస్తే ఆ గాలి కూడా దాంట్లో కలుస్తుంది. ఏ రూపాయి దేనివల్ల పోయిందో విడదీసి చెప్పగలిగిన వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆఫీసులో మా పక్క సీటాయన దగ్గర నాలుగేళ్లుగా ఐటీసీ షేర్లున్నాయి. ఆ మధ్యాహ్నం టెన్షన్‌లో మొత్తం అమ్మేశాడు. జూలై ఆఖరులో ఆయన ఫోన్‌కి డివిడెండు మెసేజ్ వచ్చింది. "నేను అమ్మేశాను కదండీ, పొరపాటున వేశారేమో, వెనక్కి పంపాలా?" అని నా దగ్గరికొచ్చాడు. నాలుగో తేదీ సాయంత్రం జాబితా తీసేటప్పటికి షేర్లు ఆయన ఖాతాలోనే ఉన్నాయని, ఐదో తేదీన కదా కదిలాయని చెప్పాను. ఆ చెప్పడంలో ఉన్న ఆనందం నాకు ఫిబ్రవరిలో పోయిన 250కి సరిపోయింది. శుక్రవారానికల్లా సెన్సెక్స్ మళ్లీ 76,600 దాటేసిందని మాత్రం ఆయన దగ్గర ఎత్తలేదు.

రికార్డు తేదీ జూన్ 4, డబ్బులు జూలై ఆఖరులో. మధ్యలో దాదాపు రెండు నెలలు ఎందుకంటే, తుది డివిడెండుని బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది. వార్షిక సమావేశంలో వాటాదారులు ఆమోదిస్తేనే అది ప్రకటించినట్టు. ఆ సమావేశం జూలై 26న జరిగింది. ప్రకటించాక 30 రోజుల్లోపు చెల్లించాలని చట్టం. ఆ 30 రోజులు సమావేశం నుంచి లెక్క, రికార్డు తేదీ నుంచి కాదు. మధ్యంతర డివిడెండుకి ఈ తతంగం లేదు, బోర్డే ప్రకటిస్తుంది, అందుకే త్వరగా వస్తుంది. నేను జూన్ నెలంతా రోజూ బ్యాంకు మెసేజ్‌లు చూసుకున్నది దండగే.

పడ్డ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 'ఏసీహెచ్' అని మొదలయ్యే వరుసలో 750.00. ఇక దీని కోసం నేను పెట్టిందెంతో చూద్దాం. నలభై వేల పైచిలుకు కొనుగోలు మీద సెక్యూరిటీల లావాదేవీల పన్ను 0.1 శాతం, అంటే నలభై చిల్లర. అమ్మినప్పుడు మళ్లీ అంతే. స్టాంపు సుంకం కొంచెం, అమ్మినప్పుడు డీమ్యాట్ రుసుము కొంచెం. 2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండు మీద పన్ను కంపెనీ కాదు, తీసుకున్నవాడే కట్టాలి, అదీ జీతంతో కలిపి మన శ్లాబులో. నా శ్లాబులో సెస్సుతో కలిపి ముప్పై శాతం పైనే. చేతిలో మిగిలేది నాలుగు వందల చిల్లర. అంతకు ముందే ధరలోంచి ఏడున్నర చొప్పున వదిలేసింది కదా. నా షేరు విలువలోంచే 750 తీసి, దాంట్లో పన్ను కోసి, మిగిలింది నాకే ఇచ్చారు. దీని కోసం నేను గాల్లో ఉన్న సోమవారం ధరకి కొన్నాను. మా ఆవిడ ఈ లెక్కంతా విని, "దీని బదులు ఆ రోజు పడుకుని ఉంటే?" అంది.

అసలు కథ నాది కాదు, అమ్మది.

నాన్న చీరాలలో పొగాకు గోడౌన్లో గుమాస్తా. మా ఊళ్లో ఐఎల్‌టీడీ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఐటీసీ ఆకు పొగాకు విభాగం అది. 90ల్లో ఎవరో చెబితే పద్దెనిమిది ఐటీసీ షేర్లు కొన్నాడు. అప్పట్లో ముఖ విలువ పది రూపాయలు. 2005లో ఒక్కొక్కటీ పది ముక్కలైంది, అంటే 180. దాంతోపాటే రెండుకి ఒకటి బోనస్, అంటే ఉచితంగా ఇచ్చే అదనపు షేరు, 270. 2010లో ఒకటికి ఒకటి, 540. 2016లో మళ్లీ రెండుకి ఒకటి, 810. ఈ ప్రతి మలుపుకీ ఒక రికార్డు తేదీ ఉంది. నాన్నకి గానీ, నాన్న పోయాక షేర్లు తన పేరు మీదికి మారిన అమ్మకి గానీ వాటిలో ఒక్కటీ తెలియదు. ఎప్పుడు జాబితా తీసినా పేరు అందులో ఉంది, అంతే.

బోనస్ ఇచ్చినప్పుడు షేర్లు పెరుగుతాయి, ధర ఆ మేరకు తగ్గుతుంది. ఈ మధ్య ఒక స్నేహితుడు ఒకటికి ఒకటి బోనస్ ఎక్స్ తేదీ ఉదయం పోర్ట్‌ఫోలియో చూసి సగం పోయిందని గోల పెట్టాడు. ధర వెంటనే సగమైంది, కొత్త షేర్లు ఖాతాలోకి రావడానికి మాత్రం కొన్ని రోజులు పట్టింది. అదే ఆ గోల.

జూలై ఆఖరులో అమ్మని "డివిడెండు పడిందా?" అని అడిగితే లేదంది. నాకు గుండె జారింది. తీరా చూస్తే ఆమె చూసుకున్నది పెన్షన్ పాసుపుస్తకం. డీమ్యాట్‌కి జోడించిన ఖాతా వేరే బ్యాంకులో ఉంది, ఆరు నెలలకోసారి వెళ్తుంది. డివిడెండు ఎప్పుడూ డీమ్యాట్‌లో రాసి ఉన్న ఖాతాకే వస్తుంది, మనం వాడే ఖాతాకి కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల డీమ్యాట్ ఉంటే, ఆ ఖాతా ఇంకా బతికే ఉందో లేదో ఒకసారి చూడండి.

పుస్తకం ప్రింట్ చేయించి ఫోటో పంపింది. 810 షేర్లకి 6,075 రావాలి. ఐదు వేల నాలుగు వందల అరవై చిల్లరే వచ్చింది. "ఆరొందలు ఎవరు తిన్నార్రా?" అంది. ఎవరూ తినలేదు, టీడీఎస్, అంటే డబ్బులు ఇచ్చేముందే కోసుకునే పన్ను. అప్పట్లో ఒక కంపెనీనుంచి ఏడాదిలో 5,000 దాటితే పది శాతం కోసేవాళ్లు, దాటిన దాని మీద కాదు, మొత్తం మీద. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10,000 అయింది. పన్ను పడేంత ఆదాయం లేని సీనియర్ సిటిజన్ కాబట్టి ముందే ఫారం 15హెచ్ ఇచ్చి ఉంటే కోసేవాళ్లు కాదు. గడువు తేదీతో సహా మెయిల్ కూడా వచ్చింది, నా మెయిల్‌కే. నేను జూన్ 4 గొడవలో ఉండి తెరవలేదు. తర్వాతి ఏడాది రిటర్ను వేస్తే ఆ డబ్బులు వెనక్కి వచ్చాయి. అమ్మ మాత్రం అవి నేను నా జేబులోంచి ఇచ్చాననే ఇప్పటికీ అనుకుంటోంది.

ఇదంతా చూస్తూ నాన్న ట్రంకుపెట్టె వెతికితే, బ్యాంకులో వేయని రెండు పాత డివిడెండు వారంట్లు, అంటే చెక్కుల్లాంటి కాగితాలు, దొరికాయి. చెల్లని కాగితాలు. ఏడేళ్లు ఎవరూ అడగని డివిడెండు కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కి వెళ్లిపోతుంది. వరసగా ఏడేళ్లు అడగకపోతే షేర్లు కూడా వెళ్తాయి. మా షేర్లకి ఆ గతి పట్టలేదు, మధ్యలో మిగతా వారంట్లు నాన్న వేసుకుంటూనే ఉన్నాడు. ఆ రెండింటి కోసం ఐఈపీఎఫ్-5 అనే దరఖాస్తు పెట్టాలి. రెండు వేలు కూడా ఉండవు. ఇంకా పెట్టలేదు.

2025 జనవరి 6 మరో రికార్డు తేదీ. హోటళ్ల వ్యాపారాన్ని విడదీసి, ప్రతి పది ఐటీసీ షేర్లకి ఒక ఐటీసీ హోటల్స్ షేరు ఇచ్చారు. అమ్మకి 81, నాకు 10. నేనప్పటికి అమ్మకుండా ఉన్నది మనసు మారి కాదు, బద్ధకించి.

ఆ ఏడాది మే 28న మళ్లీ రికార్డు తేదీ, ఈసారి తుది డివిడెండు 7.85. అంతకు ముందు రోజు మంగళవారం నేను యాప్ తెరవలేదు. చేసిందల్లా అమ్మ పేరు మీద 15హెచ్ గడువులోపల ఇవ్వడమే. జూలై ఆఖరులో ఈసారి తనే ఫోన్ చేసింది. పుస్తకం ప్రింట్ చేయించుకుని బ్యాంకు బయట నిలబడి ఉంది, వెనక ఆటోల మోత.

"ఆరు వేల మూడొందల యాభై ఎనిమిదీ యాభై పైసలు పడ్డాయి. సరిగ్గానే ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

"ఆ యాభై పైసలు ఎక్కడివిరా?"

ఎనిమిది వందల పది ఇంటూ ఏడు ఎనభై ఐదు అని చెప్పాను. ఆగమంది, పెన్ను కోసం బ్యాగ్‌లో వెతుకుతున్న చప్పుడు. పాసుపుస్తకం వెనక రాసి, గుణించుకుని, "ఆ, సరిపోయింది" అని పెట్టేసింది.